ఉన్నత విద్యలో డిస్లెక్సియా: అదనపు సమయం ఎందుకు?

అభ్యసన వైకల్యాలు అనగానే మనకు ప్రాథమిక పాఠశాల గుర్తొస్తుంది. 2007లో వచ్చిన హిందీ చిత్రం ‘తారే జమీన్ పర్’ డిస్లెక్సియా అనే మాటను చాలామందికి పరిచయం చేసింది. అయితే అది చిన్నపిల్లల సమస్య అనే అభిప్రాయాన్ని కూడా మిగిల్చింది. ఆ పిల్లలే పెరిగి డిగ్రీలో చేరతారు. డిస్లెక్సియా వారిని వదిలిపోదు.

ఇది తెలివితేటల లోపం కాదు, చూపు లోపమూ కాదు. మాటలోని ధ్వనులను విడదీసి, వాటిని అక్షరాలతో వేగంగా జతపరచడంలో ఎదురయ్యే ఇబ్బంది. తెలుగులో రాతకూ పలుకుకూ దగ్గర సంబంధం ఉంది. అందువల్ల ఇలాంటి విద్యార్థి ప-ష, మ-య, ద-ధ వంటి పోలిక గల అక్షరాల దగ్గర తడబడినా, గుణింతాలూ ఒత్తులూ ఆలస్యంగానైనా పట్టుకోగలుగుతాడు. నిదానం మాత్రం పోదు. బడిలో ఎవరి కంటా పడకుండా గట్టెక్కినవారు డిగ్రీలో పేజీలు పెరిగేసరికి చిక్కుకుంటారు. పైగా ఇంగ్లీషు. ‘టఫ్’, ‘దో’, ‘త్రూ’ అనే మాటలను ఇంగ్లీషులో రాస్తే మూడింటికీ చివరి నాలుగు అక్షరాలు ఒకటే, ఉచ్చారణలు మాత్రం మూడు. అక్కడ పాత తడబాటు మళ్లీ బయటపడుతుంది.

ఒక విద్యార్థినిని ఊహించుకోండి. కాంటాక్ట్ తరగతిలో డిమాండ్ వ్యాకోచత్వాన్ని ఉల్లిపాయల ధరతో ముడిపెట్టి చక్కగా వివరించింది. పరీక్షలో ఒక్కో ప్రశ్నను మూడుసార్లు చదువుకుంది. మూడు గంటలు ముగిసేసరికి రెండు వ్యాసరూప ప్రశ్నలు మిగిలిపోయాయి. ఆమెకు వచ్చిన మార్కులు అర్థశాస్త్ర జ్ఞానాన్ని కొలిచాయా, చదివే వేగాన్ని కొలిచాయా? అదనపు సమయం ఇవ్వడం ప్రమాణాలను తగ్గించడమేనని కొందరు అధ్యాపకులు కూడా అంటుంటారు. ప్రశ్నపత్రం అదే, మూల్యాంకనం అదే అయినప్పుడు ఆ వాదన నిలవదు.

చట్టం ఈ విషయాన్ని ఆలస్యంగా గుర్తించింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్న ఏడు వైకల్యాలలో డిస్లెక్సియా లేదు. 2016 చట్టం 21 వైకల్యాలను గుర్తించి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాల కింద దీనిని చేర్చింది. 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నవారికి రాతపరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. అంటే మూడు గంటల పరీక్షకు మరో గంట. మరి 40 శాతం లేనివారి మాటేమిటి? చేతిరాతను కష్టతరం చేసే నాడీ సమస్య ఉన్న ఒక అభ్యర్థి ఇదే ప్రశ్నతో సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఆ శాతం లేదన్న కారణంతో లేఖరిని నిరాకరించరాదని కోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. అది డిస్లెక్సియా కేసు కాకపోయినా, అవసరాన్ని బట్టి సముచిత సర్దుబాటు చేయాలన్న సూత్రం ఇక్కడికీ వర్తిస్తుంది.

అసలు చిక్కు ధ్రువపత్రం దగ్గర వస్తుంది. గుర్తింపు కోసం మన దేశంలో విస్తృతంగా వాడే నిమ్‌హాన్స్ పరీక్షలు బడిపిల్లల కోసం రూపొందినవి. ఇరవై ఏళ్లు దాటాక మొదటిసారి అనుమానం వచ్చిన విద్యార్థికి దారి అంత సులువు కాదు. కాబట్టి పరీక్ష తేదీలు ప్రకటించాక కాకుండా, ప్రవేశం పొందిన వెంటనే ఈ ప్రయత్నం మొదలుపెట్టడం మంచిది.

ధ్రువపత్రం అక్కరలేని సహాయమూ ఉంది. దూరవిద్య ప్రధానంగా అచ్చు పాఠం మీద నడుస్తుంది, డిస్లెక్సియా ఉన్నవారికి కష్టమైనది కూడా అదే. పాఠాన్ని చదివి వినిపించే సదుపాయం ఇప్పుడు సాధారణ స్మార్ట్‌ఫోన్లలోనూ ఉంది. వింటూ అదే పేజీని కళ్లతో అనుసరిస్తే శ్రమ తగ్గుతుంది. కౌన్సిలర్ ముందస్తుగా చెప్పకుండా ఎవరినీ నిలబెట్టి బిగ్గరగా చదివించకపోవడం, భాషాపరీక్ష కానిచోట అక్షరదోషాలకు మార్కులు కోయకపోవడం ఖర్చులేని పనులు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ అధ్యయన కేంద్రంలో ఒక తోటి విద్యార్థి తరగతి చర్చలో ముందుంటూ, అసైన్‌మెంట్లు మాత్రం సగంలో వదిలేస్తున్నాడు. దీనికి డిస్లెక్సియా కారణం కావచ్చునా, కాకపోవచ్చునా? నిర్ణయానికి రాకముందు అతనిని మీరు ఏమేమి అడుగుతారు?