కృష్ణ కిరుదరుల మాటలు

విద్యార్థులారా! మీలో ననేకులు ముందుముందు కచ్చేరులందును కర్మాగారములందును వేఱు ప్రాంతములవారితోఁ గలసి పనిచేయవలసినవారు. అట్టిచోటులఁ గలహము పుట్టుటకు దుర్బుద్ధియే యుండనక్కఱలేదు. ఒకే మాటను ఇద్దఱు రెండు విధములుగా గ్రహించినను జాలును. ఇందులకు దృష్టాంతము మన కొల్లాపురము చెంతనే కలదు.

సోమశిల రేవునకు ఆవలిది కర్నూలు సీమ. 1948కి పూర్వము అది మద్రాసు పరిపాలనలో నుండెను. ఈ గట్టు నిజాము రాజ్యములోని జటప్రోలు సంస్థానము. ఇరుదరులందును తెలుగే. అయినను అచ్చట కరణము, అడంగలు; ఇచ్చట పట్వారి, పహాణీ. అచ్చటి కల్దారు రూపాయలాఱు ఇచ్చటి హాలీ రూపాయలేడింటికి సుమారుగా సరి. అంతేకాక 1884లో ఫారసీకి మాఱుగా ఉర్దూ నిజాము ప్రభుత్వ భాష యయ్యెను. తన భూమి కాగితమును దానే చదువలేని తెలుగు రైతు, పరులు చెప్పినది నమ్మి వ్రేలిముద్ర వేయవలసివచ్చెను.

1956 నవంబరు 1వ తేదీన రెండు గట్లును ఒకే రాష్ట్రములోఁ జేరెను. రెండు పద్ధతులు నేర్చిన యుద్యోగులు ఒక్క ప్రభుత్వమునఁ బనిచేయ నారంభించిరి. మద్రాసు రెవిన్యూ పరిభాషలో ‘దరఖాస్తు’ యనఁగా బంజరుభూమికై చేసికొను విన్నపము. ఇచ్చట ఏ విన్నపమైనను దరఖాస్తే. బావి త్రవ్వుటకు అప్పుఁ గోరవచ్చిన రైతును, ఆవలి గట్టున నేర్చిన గుమాస్తా “ఏ బంజరు?” అని యడిగెననుకొందము. ఇరువురిలోఁ దప్పు చేసినవాఁడెవఁడు? మన పల్లెవాఁడు పెద్దలనుఁ గూడ ‘నువ్వు’ అనును. అది చనువు, ఎఱుఁగనివానికి అది ధిక్కారముగాఁ దోఁచును.

మా తప్పును సయితము చెప్పుకొనవలెను. ఉద్యోగములోఁ జేరిన క్రొత్తలో మేము ఒక బాలుని వ్యాసమందలి ‘దవాఖాన’ను ఎఱ్ఱసిరాతోఁ గొట్టి ‘ఆసుపత్రి’ యని దిద్దితిమి. తరగతి నవ్వెను. ఆ బాలుఁడు ఆ యేఁడాది మరల మమ్ము ప్రశ్న యడుగలేదు. ఒక మాటను దిద్ది మేము ఒక నోరు మూసితిమి.

కావున మీరు పనిలోఁ బ్రవేశించినప్పుడు మూఁడు సంగతులు మఱువకుఁడు. తెలియని మాటను సిగ్గుపడక యడుగుఁడు. విన్నదానిని మీ మాటలలోఁ దిరిగి చెప్పి, సరియేనా యని విచారింపుఁడు. చదువురానివానిచేత ముద్ర వేయించుటకు ముందు, కాగితమును వాని భాషలోఁ జదివి వినిపింపుఁడు.

2014 నుండి కృష్ణ మరల రెండు రాష్ట్రములకు సరిహద్దైనది. అయినను రేవున పుట్టి నడుపువాఁడు రెండు గట్ల మాటలు నెఱుఁగును. మీరును అట్టివారు కావలెనని మా కోరిక.