తెల్లబట్టకు తెలుపు చాలదు

మామయ్య ఇచ్చిన సీసపు సైనికుల్లో నలుగురు పష్తూన్లు ఉన్నారు. ఒక్కొక్కరి ఎత్తు 54 మిల్లీమీటర్లు, నా చూపుడువేలంత కూడా లేరు. 1842 జనవరిలో కాబూల్ వదిలి జలాలాబాద్ దారి పట్టిన బ్రిటిష్ సైన్యాన్ని కొండ కనుమల్లో అడ్డుకున్న ఘిల్జాయీలన్నమాట. చేతిలో జెజైల్. ఈ పొడుగు గొట్టపు నాటు తుపాకీ గుండు అప్పటి బ్రిటిష్ తుపాకీ గుండుకన్నా దూరం పోయేది.

బట్టలు తెలుపే కదా అని ట్యూబులో తెలుపు నేరుగా పూశాను. సున్నం కొట్టిన గోడలా వచ్చింది! ముందు బూడిదరంగు వెయ్యాలి. ఆరాక, నీళ్లలా పలచన చేసిన గోధుమరంగును ముడతల్లోకి జారనివ్వాలి. తెలుపు చివర్న, ఉబ్బిన మడతల మీద మాత్రమే. (సీసం కదా, పని కాగానే చేతులు కడుక్కోండి.)

అసలు చిక్కు ముఖాలతో. నలుగురికీ ఒకే చామనఛాయ, ఒకే కోపపు కనుబొమ్మలు పెట్టేశా. మామయ్య చూసి, "ఏమే, వీళ్లంతా ఒక్క తల్లి బిడ్డలా?" అన్నాడు. సిగ్గేసింది. బ్రిటిష్ వాళ్ల పటాల్లో శత్రువుగా చూసిన ముఖమే నా కుంచెలోంచి దిగింది మరి. తుడిచేసి మళ్లీ మొదలుపెట్టా. ఒకరికి నెరిసిన గడ్డం, ఒకరికి గోరింటాకు పెట్టిన ఎర్ర గడ్డం, ఒకరికి ఎండకు కమిలిన బుగ్గలు. కళ్లకు తెల్లగుడ్డు వెయ్యకూడదు, బెదిరినట్టు కనిపిస్తారు. సన్నని ముదురు గీత చాలు.

నాలుగోవాడికి గడ్డం లేదు, మన తమ్ముళ్ల వయసే ఉంటుంది. వాడి కనుబొమ్మలు ఇంకా వెయ్యలేదు.