బందరు ఉప్పెనలు: కొన్ని సంగతులు

ప్రపంచంలో ఎక్కువ మందిని పొట్టన పెట్టుకున్న సుడిగాలి ఏ దేశానిది? అమెరికా అనేస్తాం. కాదు, బంగ్లాదేశ్‌ది. 1989 ఏప్రిల్ 26న దౌలత్‌పూర్, సాటూరియా ఊళ్లను ఊడ్చేసి దాదాపు 1300 మంది ప్రాణాలు తీసింది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మాత్రం లెక్క వేరు. ఇక్కడ గాలి ఇళ్లు కూలుస్తుంది, చెట్లు పెకలిస్తుంది. మనుషుల్ని తీసుకుపోయేది నీళ్లు.

*

1864 నవంబరు 1 రాత్రి బందరు మునిగింది. దీపావళి అయి రెండు రోజులే. ఆకాశంలో వెన్నెల లేదు, అమావాస్య పోటు ఇంకా తగ్గలేదు. మామూలు పోటు మట్టం మీద 13 అడుగుల ఎత్తున సముద్రం చీకట్లో ఊరి మీదికి వచ్చేసింది. పోయినవారు 30 వేలని ఆనాటి లెక్క.

*

దానికి నెల ముందు, అక్టోబరు 5న, కలకత్తాలోనూ ఇలాంటి తుఫానే. అక్కడ చనిపోయినవారు 60 వేల దాకా ఉంటారంటారు. ఒకే ఏడు ఈ రెండు దెబ్బలు తగిలాకే దొరలకు చలనం వచ్చింది. 1865లో తుఫాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది, 1875లో వాతావరణ శాఖ పుట్టింది. ఆ హెచ్చరికలు మొదట అందింది కలకత్తా రేవుకు. ఓడలు అక్కడ ఎక్కువ మరి!

*

1977 నవంబరు 19, శనివారం. ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్ ఇజ్రాయెల్‌లో దిగింది ఆ రోజే, లోకం కళ్లన్నీ అటే ఉన్నాయి. కృష్ణా ముఖద్వారం దగ్గరి దివిసీమను ఉప్పెన ముంచిందీ ఆ రోజే.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ తుఫాను తీరం దాటింది దివిసీమలో కాదు, చీరాల దగ్గర. మరి ప్రాణాలు పోయింది ఎక్కువగా ఇక్కడెందుకు? మన వైపు తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతాయి. తుఫాను కన్ను నేల మీదికి వస్తుంటే, దానికి కుడిపక్కన గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. ఎడమపక్కన నేల మీంచి కడలి వైపు వీస్తుంది. దివిసీమ కుడిపక్కన పడింది. పైగా ఇక్కడ తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ, గాలి తోసిన నీటికి పైకి లేవడం తప్ప దారి లేదు. లేచాక ఆపడానికి గట్టు లేదు, గుట్ట లేదు, అంతా పళ్లెంలాంటి నేల. అయిదారు మీటర్ల కెరటం పది పన్నెండు కిలోమీటర్లు లోపలికి పోయింది. మృతులు సుమారు 10 వేలని ప్రభుత్వం చెప్పింది. దివిసీమలో ఆ అంకెను ఒప్పుకునేవాళ్లు తక్కువ.

కన్ను ఎక్కడ తీరం దాటుతుందో చూసి, మన ఊరు కాదులే అని నిబ్బరపడేవాళ్లు ఈ కుడి ఎడమల లెక్క కూడా చూసుకోవాలి.

*

ఆ తర్వాత దివిసీమ కోసం ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. వాళ్ల సొంతూళ్లు నిమ్మకూరు, రామాపురం రెండూ గుడివాడ చుట్టుపక్కల పల్లెలే. వాళ్లు అడుక్కున్నది సొంత జిల్లా కోసం. సహాయ పనుల్లో తిండీ నిద్రా మానుకుని తిరిగిన మండలి వెంకట కృష్ణారావును ఇక్కడివాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. అంతకు రెండేళ్ల ముందు, 1975లో, ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మంత్రి ఆయనే.

*

1990 మే 9 సాయంత్రం ఇంచుమించు అంతే బలమైన తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. మృతులు 967 మంది. అదీ తక్కువేం కాదు. కానీ 1977 పక్కన పెట్టి చూస్తే, పదమూడేళ్లలో మారింది సముద్రం కాదని తెలుస్తుంది. ఇప్పుడు బందరులోనే వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది.