చేతిలోని దారిపటము

క్రిందటి కార్తికమున మేము పిల్లలతో పోచారపు అడవికి వనభోజనమునకు పోయితిమి. మరలునప్పటికి ప్రొద్దు గ్రుంకినది. కాలిబాట రెండుగా చీలినది. ఫోనున సిగ్నలు లేదు, పటము రాలేదు. చిన్నవాడు ఏడ్వసాగెను. ఒక గొల్లవాని పుణ్యమున ఇల్లు చేరితిమి.

తప్పు ఫోనుది కాదు, మాది. మనమున్న చోటు తెలుపునది ఇంటర్నెట్టు కాదు. సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు జీ.పీ.యస్. ఉపగ్రహములు. పటమును మాత్రము ముందే ఇంట దింపుకొనవలయును.

గూగుల్ మ్యాప్స్‌లో పైమూలనున్న మన గుర్తును తాకి, ‘ఆఫ్‌లైన్ మ్యాప్స్’ తెఱచి, మెదకు, పోచారము, ఏడుపాయలు చట్రమున ఇముడునట్లు జరిపి దింపవలెను. అయితే నెట్టు లేనప్పుడు అది బండిదారినే గాని నడకదారిని చెప్పదు. నడచువారికి ‘ఆర్గానిక్ మ్యాప్స్’ మేలు. 2004లో ఆరంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటములే దానికి ఆధారము. దానిలో మన ప్రాంతపు పటమును దింపిన చాలును.

పిదప మొబైల్ డేటా, వైఫై ఆపి ఇంటనే పరీక్షింపుడు. బయలుదేరు చోటును పటమున గుర్తించుకొనుడు. బ్యాటరీ నిండుగా నుండవలెను. పోవుచోటు ఇంటివారికి చెప్పుట మఱువకుడు. అడవిలోని ప్రతి బాటయు పటమున నుండదు.

శివరాత్రికి మంజీర యేడు పాయలుగా చీలిన జాతరకు పోయితిమి. జనసమ్మర్దమున ఫోనులు పలుకలేదు. మా పెద్దమ్మాయి పటము చూచుచు ముందు నడచినది. మేము నిశ్చింతగా వెనుక నడచితిమి.