ఉప్పు సరస్సుల లెక్క తేల్చగలరా?

‘త్రీ ఇడియట్స్‌’ సినిమా చివర్లో కనిపించే నీలి సరస్సు గుర్తుందా? అది లద్దాఖ్‌లోని పాంగాంగ్‌. 4,200 మీటర్లకు పైగా ఎత్తులో, మంచుకొండల మధ్య ఉన్నా మన వైపు నీళ్లు ఉప్పగానే ఉంటాయి. కారణం ఒక్కటే. అందులోకి నీరు వస్తుంది గానీ బయటికి పోయే దారి లేదు. నీరు ఆవిరవుతుంది, వాగులు మోసుకొచ్చిన లవణాలు మిగిలిపోతాయి.

అందుకే ఇలాంటి సరస్సుకు జమాఖర్చుల లెక్క రాయొచ్చు. వాన, మంచు, హిమానీనదాల నుంచి కరిగొచ్చే నీరు జమ. ఆవిరి ఖర్చు. వాతావరణ మార్పు రెండువైపులా అంకెలు మార్చేస్తోంది. ఆ లెక్క రాయగలిగితే మీకూ ఇక్కడ పని ఉంది.

ఒకచోట పొంగు.. మరోచోట ఎండు

‘వేడి పెరిగితే సరస్సులు ఎండిపోతాయి’ అని గ్రూప్‌ డిస్కషన్‌లో అనేస్తే సగమే కరెక్ట్‌. టిబెట్‌ పీఠభూమిపై 1990ల మధ్య నుంచి చాలా సరస్సులు పెరుగుతున్నాయి. వాన, మంచు ఎక్కువ కురవడం ముఖ్య కారణం, హిమానీనదాల కరుగునీరు దానికి తోడు. 2011 సెప్టెంబరులో అక్కడి జొనాగ్‌ సరస్సు గట్టు తెగింది. ఆ నీరంతా దిగువన ఉన్న ఉప్పు సరస్సుకు చేరి, చింఘై-టిబెట్‌ రైలుమార్గానికే ముప్పు తెచ్చింది. 2019లో కాలువ తవ్వి నీటిని మళ్లించాల్సి వచ్చింది. ఉద్గారాలు తగ్గించినా, 2100 నాటికి ఆ పీఠభూమిపై బయటికి దారిలేని సరస్సుల మట్టం 2020తో పోలిస్తే దాదాపు 10 మీటర్లు పెరగొచ్చని 2024లో ‘నేచర్‌ జియోసైన్స్‌’లో వచ్చిన అధ్యయనం అంచనా.

బొలీవియాలోని పూపో సరస్సుది మరో కథ. 3,600 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న ఆ ఉప్పు సరస్సు 2015 డిసెంబరుకు ఎండిపోయింది. కరవు, పెరిగిన ఆవిరి ఒకవైపు. సాగుకు, గనులకు నది నీటిని తోడుకోవడం ఇంకోవైపు. చేపలవేటే బతుకైన ఉరు తెగవారు పొట్ట చేతపట్టుకుని వలసపోయారు. ఇందులో వాతావరణం వాటా ఎంత, మనిషి వాటా ఎంత? ఇది విడదీసి చెప్పేవాళ్లే ఈ రంగానికి కావాలి.

మొదటి ప్రాజెక్టు మీ ల్యాప్‌టాప్‌లోనే

లద్దాఖ్‌లోనే సో కార్‌ అనే ఉప్పు సరస్సు ఉంది. దాని పాత, కొత్త ల్యాండ్‌శాట్‌ చిత్రాలను ఉచితంగా డౌన్‌లోడ్‌ చేసుకోండి. క్యూజీఐఎస్‌ సాఫ్ట్‌వేరూ ఉచితమే. నీరు నియర్‌ ఇన్‌ఫ్రారెడ్‌ కాంతిని పీల్చేసుకుంటుంది, ఆకుపచ్చ కాంతిని కొంత వెనక్కి పంపుతుంది. ఈ తేడాతో లెక్కించే ఎన్‌డీడబ్ల్యూఐ సూచీతో నీటి విస్తీర్ణం తేలుతుంది. రెండు చిత్రాలూ ఒకే నెలవి కావాలి. సెప్టెంబరు అయితే మేలు. చలికాలం చిత్రం తీసుకుంటే మంచును కూడా నీరని లెక్కేసే ప్రమాదం ఉంది. ఒడ్డున తెల్లగా మెరిసే ఉప్పు పొరతోనూ జాగ్రత్త.

చిత్రంతో విస్తీర్ణం తెలుస్తుంది, మట్టం తెలియాలంటే ఆల్టిమీటర్‌ కావాలి. ఇస్రో, ఫ్రాన్స్‌ కలిసి 2013లో శ్రీహరికోట నుంచి పంపిన ‘సరళ్‌’ ఉపగ్రహం అలాంటిదే.

ఏ దారిలో వెళ్లాలి?

సివిల్‌, జియోఇన్ఫర్మాటిక్స్‌ విద్యార్థులు గేట్‌లో జియోమాటిక్స్‌ ఇంజినీరింగ్‌ పేపర్‌ రాయొచ్చు. దేహ్రాదూన్‌లోని ఐఐఆర్‌ఎస్‌ రిమోట్‌ సెన్సింగ్‌లో ఎంటెక్‌తో పాటు ఉచిత ఆన్‌లైన్‌ కోర్సులూ అందిస్తోంది. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీలోనూ శిక్షణ ఉంటుంది. ఎమ్మెస్సీ జియాలజీ వాళ్లకు యూపీఎస్‌సీ జియో సైంటిస్ట్‌ పరీక్ష ద్వారా భూగర్భజల శాస్త్రవేత్త పోస్టులున్నాయి. అర్హతలు నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. పరిశోధన సంస్థల్లో తొలి ఉద్యోగం చాలాసార్లు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. అందుకే పైథాన్‌ కూడా నేర్చుకోండి, సాఫ్ట్‌వేర్‌ వైపూ తలుపు తెరిచే ఉంటుంది. రెజ్యూమెలో ‘జీఐఎస్‌ తెలుసు’ అని అందరూ రాస్తారు. మీరు మాత్రం సో కార్‌ మ్యాప్‌ తీసి చూపించండి. ఎక్కడ తప్పు దొర్లే అవకాశముందో కూడా మీరే చెప్పండి.