షాంఘైలో పుట్టిన అమెరికా కంపెనీ

మొన్న దసరా సెలవులకి ఇంటికెళ్తే నాన్న ఒక పని అప్పజెప్పారు. "బండి ఇన్సూరెన్స్ అయిపోతోంది రా, ఆ ఫోన్‌లో ఏదో చూసి కట్టెయ్" అని. యాప్ తెరిస్తే వరసగా కంపెనీల పేర్లు. కొన్నింట్లో సగం పేరు మనది, సగం పరాయిది. చోళా పక్కన ఎంఎస్, టాటా పక్కన ఏఐజీ. నాన్న కళ్ళజోడు సర్దుకుని, "ఈ ఏఐజీ ఎవరు? రేపు వాళ్ళు మూసేసుకుని పోతే మన క్లెయిమ్ ఎవరిస్తారు?" అన్నారు. మా తాతయ్య చిట్టీ డబ్బు ఒకసారి మునిగింది లెండి. అప్పట్నుంచీ మా ఇంట్లో ఎక్కడ డబ్బు కట్టాలన్నా ముందు ఈ ప్రశ్న వస్తుంది. నాకు జవాబు తెలియలేదు. ఆ రాత్రి చదవడం మొదలుపెట్టా, రెండు రోజులు వదల్లేదు.

ఏఐజీ అంటే అమెరికన్ ఇంటర్నేషనల్ గ్రూప్. పేరులో అమెరికా ఉంది కానీ పుట్టింది చైనాలో. కార్నీలియస్ వాండర్ స్టార్ అనే కాలిఫోర్నియా కుర్రాడు జపాన్ మీదుగా షాంఘై చేరాడు. 1919లో, 27 ఏళ్ళ వయసులో, అమెరికన్ ఏషియాటిక్ అండర్‌రైటర్స్ అని ఒక చిన్న ఆఫీసు తెరిచాడు. మొదట్లో అది కంపెనీ కూడా కాదు, ఏజెన్సీ. అంటే వేరే కంపెనీల తరఫున అగ్ని ప్రమాద బీమా, ఓడ సరుకు బీమా అమ్మిపెట్టడం, కమీషన్ తీసుకోవడం.

1921లో జీవిత బీమా మొదలుపెట్టాడు. చైనా వాళ్ళకి జీవిత బీమా అమ్మిన తొలి పాశ్చాత్యుల్లో ఇతనొకడు. అక్కడున్న విదేశీ వ్యాపారులు ఎక్కువగా తమవాళ్ళనే చూసుకునే రోజుల్లో, స్టార్ స్థానికులకే అమ్మాడు, స్థానికులనే ఉద్యోగంలో పెట్టుకున్నాడు. తర్వాత ఏ దేశం వెళ్ళినా దాదాపు ఇదే పద్ధతి. ఆ ఊరి భాష, ఆ ఊరి మనుషులు, పెట్టుబడి మాత్రం తనది.

ఇక్కడ చిన్న లెక్క చెప్పాలి, లేకపోతే బీమా కంపెనీకి ఇన్ని దేశాలు ఎందుకో అర్థం కాదు. వంద బండ్లున్నాయి, ఏడాదికి ఒక్కో బండి పోయే అవకాశం ఒక శాతం అనుకోండి. సగటున ఒక బండి పోతుంది. భద్రంగా ఉండాలని రెండు బండ్లకి సరిపడా ప్రీమియం వసూలు చేశాం. అయినా వంద ఏళ్ళలో దాదాపు ఎనిమిదేళ్ళు మన డబ్బు చాలదు, ఎందుకంటే మూడో నాలుగో పోతాయి. (పైథాన్‌లో రాసి చూశా, పది లైన్ల ప్రోగ్రామ్.) అదే పదివేల బండ్లయితే సగటున వంద పోతాయి. ఇప్పుడు రెండింతలు అక్కర్లేదు, 130 బండ్లకి సరిపడా వసూలు చేస్తే చాలు, నష్టపోయే ఏడు వెయ్యిలో ఒకటో రెండో. మనుషులు పెరిగే కొద్దీ ఒక్కొక్కరి మీద భారం తగ్గుతుంది. అయితే ఒక షరతు ఉంది. ఒక బండి పోవడానికీ ఇంకో బండి పోవడానికీ సంబంధం ఉండకూడదు. పదివేల బండ్లూ ఒకే ఊళ్ళో ఉండి ఆ ఊరికి వరదొస్తే లెక్కంతా నీళ్ళల్లో కలిసిపోతుంది. బ్యాకప్ తీసి అదే ర్యాక్‌లో పెట్టుకున్నట్టే. షాంఘైలో మంటలు లేచినంత మాత్రాన మనీలాలో ఇళ్ళు కాలవు కదా, అందుకే దేశాలు.

స్టార్‌కి ఇంకో కారణం కూడా కలిసొచ్చింది, యుద్ధం. 1926లోనే న్యూయార్క్‌లో ఆఫీసు పెట్టాడు. చైనా మీద జపాన్ యుద్ధం నడుస్తుండగా 1939లో ప్రధాన కార్యాలయాన్నే అక్కడికి మార్చేశాడు. తర్వాత లాటిన్ అమెరికా, యుద్ధం ముగిశాక జపాన్, జర్మనీ. 1947లో ఫిలిప్పీన్స్‌లో ఫిలామ్ లైఫ్. 1949లో కమ్యూనిస్టులు వచ్చాక షాంఘై చేజారింది కానీ ఆసియా వ్యాపారం హాంకాంగ్ నుంచి నడిచింది. అదే తర్వాత ఏఐఏ అయింది. పుట్టిన ఊరే పోయినా కంపెనీ బతికింది.

1967లో ఇవన్నీ ఏఐజీ గొడుగు కిందికి వచ్చాయి. మరుసటి ఏడాది స్టార్ చనిపోయాడు. పగ్గాలు మారిస్ గ్రీన్‌బర్గ్ చేతికి వెళ్ళి 2005 దాకా అక్కడే ఉన్నాయి. 1992లో షాంఘై లైసెన్సు మళ్ళీ దొరికింది. ఒక్కో దేశం చెప్పుకుంటూ పోతే పేజీలు చాలవు, 130 దాటాయి.

మరి ఇంత జాగ్రత్తగా పేర్చింది 2008లో ఎలా కూలింది?

ఏఐజీ ఫైనాన్షియల్ ప్రోడక్ట్స్ అని 1987లో ఒక విభాగం పెట్టారు. అసలు ఆట నడిచింది దాని లండన్ ఆఫీసులో. బ్యాంకులు అమెరికా ఇళ్ళ అప్పులని కట్టలు కట్టి బాండ్లుగా అమ్ముతుంటే, "ఆ బాండ్లు మునిగితే మేమిస్తాం" అని వీళ్ళు హామీ రాసిచ్చారు. దాన్నే క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్ అంటారు. చూడ్డానికి బీమాలాగే ఉంటుంది, చట్టం దృష్టిలో బీమా కాదు. కాబట్టి బీమాకి పక్కన పెట్టాల్సినట్టు నిల్వ డబ్బు పెట్టక్కర్లేదు. అసలు తప్పు లెక్కలో ఉందని నాకనిపించింది. ఇళ్ళ ధరలు దేశమంతటా ఒకేసారి పడవని నమ్మారు. పడ్డాయి. పదివేల బండ్లూ ఒకే ఊళ్ళో ఉన్నాయన్నమాట.

2008 సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. అదే రోజు ఏఐజీ రేటింగ్ తగ్గించారు. రేటింగ్ తగ్గితే హామీగా ఇంకా డబ్బు కట్టాలని ఒప్పందాల్లో ఉంది. చేతిలో లేదు. 16న అమెరికా ఫెడరల్ రిజర్వ్ 8,500 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చి, బదులుగా 79.9 శాతం వాటా తీసుకుంది. తర్వాత మొత్తం సాయం 18,200 కోట్ల డాలర్లకి చేరింది. ఆ వారమే సింగపూర్‌లో ఏఐఏ ఆఫీసు ముందు పాలసీదారులు క్యూ కట్టారు, పాలసీలు రద్దు చేసుకుంటామని. లండన్‌లో ఎవరో రాసిన కాగితానికి సింగపూర్‌లో ఒక ముసలాయన ఎండలో నిలబడాలా? తాతయ్య గుర్తొచ్చారు.

కానీ ఆ సింగపూర్ పాలసీల వెనక డబ్బు అక్కడి నియమాల ప్రకారం విడిగానే ఉంది. ఆ కంపెనీలు గట్టివి కాబట్టే వాటిని అమ్మి అప్పు తీర్చగలిగారు. 2010లో అలికోని దాదాపు 1,600 కోట్ల డాలర్లకి మెట్‌లైఫ్ కొనుక్కుంది. ఏఐఏ షేర్లు హాంకాంగ్ మార్కెట్లో అమ్మితే సుమారు 2,000 కోట్ల డాలర్లు వచ్చాయి. 2012 డిసెంబర్‌లో అమెరికా ప్రభుత్వం తన చివరి షేర్లు కూడా అమ్మేసి, మొత్తం మీద 2,270 కోట్ల డాలర్లు లాభం వచ్చిందని చెప్పింది. షాంఘైలో మొదలైన ఆసియా వ్యాపారం ఇప్పుడు ఏఐజీది కాదు.

నాన్నకి ఫోన్లో ఇదంతా చెప్పలేదు, సగంలోనే "సరే సరే" అంటారు. టాటా ఏఐజీ 2001లో మొదలైందనీ, విదేశీ వాటా 26 శాతం దాటకూడదని అప్పటి చట్టమనీ, అందుకే పెద్ద వాటా టాటాలదనీ చెప్పా. ఇక్కడ కట్టాల్సిన క్లెయిముల డబ్బుకి ఇక్కడి నియమాలే వర్తిస్తాయి, కట్టాల్సిన బాధ్యతకి సరిపడా మూలధనం మీద ఇంకో సగం అదనంగా ఉంచాలి, అది చూసే ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే ఉంది అని కూడా చెప్పా.

"నానక్‌రామ్‌గూడలోనా?" అన్నారు నాన్న. కాసేపు ఆగి, "అయితే కట్టెయ్. కానీ ఆ కాగితం ప్రింట్ తీసి బీరువాలో పెట్టు" అన్నారు.