మాటలకు ముందే చెవికి చదువు!

అమెరికాలో పుట్టి పెరుగుతున్న మనవడు ‘తాతా’ అనబోయి ‘టాటా’ అంటే ఇంటిల్లిపాదీ నవ్వేస్తాం. నాలుక తిరగడం లేదని సరిపెట్టుకుంటాం. నిజానికి ఇందులో నాలుకతో పాటు చెవి పాత్ర కూడా చాలానే ఉంది. ఆ చెవికి పునాది పడేది తొలి పుట్టినరోజుకు ముందే.

ఇంగ్లిష్‌లో మనలా ‘ట’, ‘త’ అనే తేడా లేదు. కెనడాలో జానెట్‌ వర్కర్‌, రిచర్డ్‌ టీస్‌ ఇంగ్లిష్‌ మాట్లాడే ఇళ్లలోని పసివాళ్లకు హిందీలోని ఈ ధ్వనులను వినిపించారు. ధ్వని మారగానే తల తిప్పితే బొమ్మ కనిపించేలా ఏర్పాటు చేశారు. 6-8 నెలల పిల్లల్లో ఎక్కువమంది తేడాను ఇట్టే పసిగట్టారు. 10-12 నెలల వారిలో చాలామంది పట్టుకోలేకపోయారు. హిందీ వింటూ పెరుగుతున్న ఆ వయసు పిల్లలు మాత్రం గుర్తించారు. 1984లో వెలువడిన ఈ ఫలితాలు చెప్పేదొకటే: మెదడు రోజూ వినే భాషకు పదును పెట్టుకుంటుంది, వినని ధ్వనులను పక్కన పెడుతుంది.

ఫోన్‌ నేర్పుతుందా?

పాటలు, రైమ్స్‌ పెట్టి ఫోన్‌ చేతికిస్తే చాలనుకుంటున్నారా? అమెరికాలో ప్యాట్రీషియా కుహ్ల్‌ బృందం 9 నెలల పిల్లలకు 12 విడతలుగా చైనీస్‌ వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ ధ్వనుల తేడా పట్టుబడింది. అదే భాషను టీవీలోనో, ఆడియోలోనో వింటే ఒంటబట్టలేదు.

మీరేం చేయొచ్చు?

* స్నానం చేయిస్తూ, అన్నం తినిపిస్తూ ముఖంలోకి చూసి మాట్లాడండి. ‘ఉంగా’ అంటే మీరూ బదులివ్వండి.
* రెండు భాషలు వినిపిస్తే తికమకపడతారని భయపడొద్దు. విదేశాల్లో ఉన్నా ఇంట్లో తెలుగు మానొద్దు.
* ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్‌ వద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.
* పుట్టిన నెలలోపే వినికిడి పరీక్ష చేయించండి. నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. లోపముంటే 3 నెలల్లోపు నిర్ధారించి, 6 నెలల్లోపు చికిత్స మొదలుపెట్టాలి.
* పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా, 6 నెలలు దాటాక పిలిస్తే తల తిప్పకపోయినా, ఏడాది దగ్గరపడుతున్నా ‘బబబ’, ‘దదద’ అనకపోయినా వెంటనే డాక్టర్‌కు చూపించండి. ‘వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే’ అని ఊరుకోవద్దు.

ఏడాది దాటితే తలుపులు మూసుకుపోతాయని కాదు. తర్వాతా నేర్చుకోవచ్చు, సాధన కాస్త ఎక్కువ కావాలంతే. కానీ వినికిడి లోపం ఉన్న బిడ్డకు ప్రతి నెలా విలువైనదే. అందుకే పరీక్షను వాయిదా వేయొద్దు.